తలుపు చుట్టు రబ్బరు: ఒక చిన్న వస్తువు చరిత్ర

హైదరాబాదు నుండి ముంబయి పోవు రహదారి పటాన్‌చెరువు దాటిన పిమ్మట రుద్రారము, కంది, సంగారెడ్డి, సదాశివపేటల మీదుగా జహీరాబాదు వైపు సాగును. గత 60 సంవత్సరములలో ఈ దారి వెంట పెక్కు కర్మాగారములు వెలసినవి. రామచంద్రపురమున విద్యుత్కేంద్రములకు వలయు భారీ యంత్రములు, సదాశివపేటలో టైర్లు, జహీరాబాదులో వాహనములు, ట్రాక్టర్లు, దారికి కొంత ఎడముగా నున్న ఎద్దుమైలారమున సైన్యమునకు వలయు కవచ వాహనములు తయారగుచున్నవి. ఈ వస్తువులకు పరస్పరము పోలిక లేదు. ఐనను వీనిలో పెక్కింటికి ఆధారముగా ఒక సామాన్య పదార్థము కలదు. అది రెండు భాగముల నడుమ ఇరుకుకొని నీటిని, గాలిని, దుమ్మును ఆపు రబ్బరు కట్టు. కార్లలోను, బస్సులలోను అద్దము చుట్టు, తలుపు చుట్టు కనబడు ఈ కట్టును మన మెకానిక్కులు బీడింగు అందురు.

బండి ధరతో పోల్చినచో బీడింగు ధర లెక్కలోనికి రాదు. కాని అది చెడినప్పుడు నష్టమగునది అది మాత్రమే కాదు. అద్దము క్రింద చేరిన వాననీరు రేకు మడతలలో నిలిచి, లోపలి నుండి తుప్పు పట్టించును. పైన రంగు నిగనిగలాడుచుండగనే నేలరేకు జల్లెడ యగును. పాత కారునకు క్రొత్త బీడింగు వేయువారు కొన్ని నియమములు పాటింతురు: సాగదీయరాదు, నూనె పూయరాదు, మూలలో అతుకు పెట్టరాదు. ఇవి చేతిపనివారి అలవాట్లుగా తోచును. నిజమునకు వీనిలో ముఖ్యమైన వాటికి కారణము రబ్బరు అణువులోనే కలదు. ఆ కారణములు బోధపడుటకు మానవునకు దాదాపు 200 సంవత్సరములు పట్టినది.

మూత లేని బండ్లు

మోటారు బండ్లు పుట్టిన తొలి దినములలో బీడింగు సమస్యయే లేదు. ఆ బండ్లలో పెక్కు పైకప్పు లేనివి. వాన వచ్చినచో గుడ్డ కప్పు వేసికొనెడివారు. అమెరికాలో 1919 నాటికి పదింట తొమ్మిది కార్లు ఈ విధముగ తెరచియున్నవే. తరువాతి పది సంవత్సరములలో ఈ లెక్క తారుమారై, 1929 నాటికి పదింట తొమ్మిది మూసిన కార్లయ్యెను. ఉక్కు రేకుతో బాడీలు అచ్చువేయుట అలవాటైన కొలది, అద్దమునకు రేకునకు, తలుపునకు చట్రమునకు నడుమ సందును పూడ్చు పని ముందునకు వచ్చెను. బండి నడచునప్పుడు రేకు వంగును, అదరును, అద్దము వంగదు. ఈ రెండింటిని కలిపి పట్టుకొనుటకు తాను వంగి తిరిగి లేచు పదార్థము కావలెను.

హైదరాబాదు రాజ్యమున నిజాము రైల్వేకు చెందిన రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులతో ప్రారంభమయ్యెను. 1942లో స్థాపింపబడిన ఆల్విన్ మెటల్ వర్క్సు సనత్‌నగరున బస్సుల బాడీలు కట్టెను. తరువాత రిఫ్రిజిరేటర్లను కూడ తయారుచేసెను. బస్సు కిటికీకి, శీతలపేటిక తలుపునకు కావలసిన గుణము ఒక్కటియే: మూసినప్పుడు అణగుట, తెరచినప్పుడు యథాస్థితికి వచ్చుట. ఈ గుణము రబ్బరునకు పుట్టుకతో పూర్తిగా వచ్చినది కాదు.

పాలచెట్టు నుండి పొయ్యి వరకు

మధ్య అమెరికా ప్రజలు క్రీస్తుకు పూర్వము 1600 సంవత్సరముల నాటికే చెట్టు పాలతో బంతులు చేసికొనిరి. ఆ పాలలో ఒక తీగ రసము కలిపి గట్టిపరచుట వారికి తెలియును. ఐరోపా శాస్త్రజ్ఞుల దృష్టికి ఈ పదార్థమును తెచ్చినవాడు ఫ్రెంచి విద్వాంసుడైన లా కొందమీన్. ఆయన 1736లో దక్షిణ అమెరికా నుండి దీని మచ్చులను పారిసునకు పంపెను. 1770లో ఇంగ్లండున జోసెఫ్ ప్రీస్ట్లీ ఇది పెన్సిలు గీతలను తుడిచివేయునని వ్రాసెను. తుడుచునది గనుకనే ఆంగ్లమున దీనికి రబ్బరని పేరు వచ్చెను.

1823లో చార్లెస్ మాకింటాష్ బొగ్గు తారు నుండి వచ్చు నాఫ్తాలో రబ్బరును కరిగించి, రెండు గుడ్డల నడుమ పూసి, నీరు చొరని వస్త్రమునకు పేటెంటు పొందెను. నీటిని ఆపుటకు రబ్బరును వాడిన పారిశ్రామిక ప్రయత్నములలో ఇది ప్రసిద్ధమైనది. కాని ఆ కోట్లు వేసవిలో జిగురై అంటుకొనెడివి. చలికాలమున అట్టవలె బిరుసెక్కెడివి. పచ్చి రబ్బరుతో బీడింగు చేసినచో గతి యిదియే. దక్కనులో మే నెల ఎండకు అది మెత్తబడి జారిపోవును; నొక్కినచోట నొక్కుడు అట్లే నిలిచిపోవును.

ఈ చిక్కును విడదీసినవాడు అమెరికను చార్లెస్ గుడ్‌ఇయరు. ఆయన రసాయనశాస్త్రము చదివినవాడు కాడు. అప్పుల వలన పలుమారులు చెరసాల చూచినవాడు. 1839లో మసాచుసెట్సు రాష్ట్రమందలి వోబర్ను గ్రామమున, గంధకము కలిపిన రబ్బరు వేడి పొయ్యికి తగిలినప్పుడు కరగక తోలువలె మాడుట ఆయన చూచెను. మాడిన అంచునకు ప్రక్కనున్న భాగము ఎండకు కరగలేదు, చలికి బిరుసెక్కలేదు. తగిన వేడిమి ఎంత, ఎంతసేపు అనునది తేల్చుటకు ఆయనకు మరి కొన్ని సంవత్సరములు పట్టినది. 1844లో అమెరికాలో పేటెంటు లభించెను. ఈలోగా ఆయన మచ్చులను చూచిన ఇంగ్లీషువాడు థామస్ హాంకాక్ స్వయముగ ప్రయోగములు చేసి 1843లోనే ఇంగ్లండున పేటెంటునకు దరఖాస్తు పెట్టెను. రోమనుల అగ్నిదేవుడైన వల్కను పేరిట ఈ ప్రక్రియకు వల్కనీకరణమని పేరు వచ్చినది. గుడ్‌ఇయరు 1860లో మరణించునాటికి ఆయన అప్పులు రెండు లక్షల డాలర్లు. ఆయన పేరు గల టైర్ల కంపెనీ 1898లో స్థాపింపబడినది. దానితో ఆయనకుగాని ఆయన కుటుంబమునకుగాని సంబంధము లేదు.

గొలుసులు, వంతెనలు

గంధకము రబ్బరులో ఏమి చేసినదో గుడ్‌ఇయరునకు తెలియదు. రబ్బరును బట్టీపట్టగా ఐసోప్రీను అను ద్రవము వచ్చునని 1860లో గ్రెవిల్ విలియమ్సు చూపెను. దాని అణువులో 5 కర్బన పరమాణువులు, 8 ఉదజని పరమాణువులు గలవు. ఇట్టి చిన్న అణువులే గుంపుగా చేరి రబ్బరగుచున్నవని చాలమంది తలచిరి. జర్మను శాస్త్రజ్ఞుడు హెర్మన్ స్టౌడింగరు 1920లో దీనిని కాదనెను. వేలకొలది ఐసోప్రీను ముక్కలు నిజమైన రసాయన బంధములతో ఒకదాని వెనుక నొకటి చేరిన పొడవైన గొలుసే రబ్బరు అణువని ఆయన వాదించెను. ఆనాటి పెద్దలు పలువురు అంగీకరింపలేదు. 1953లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చునాటికి ఆ వాదము పాఠ్యపుస్తకములకు ఎక్కినది.

ఈ గొలుసులు ముడుతలు పడి చిక్కువడియుండును. లాగినచో చాపుకొనును, విడిచినచో మరల ముడుచుకొనును. పచ్చి రబ్బరులో గొలుసులు ఒకదానిపై నొకటి జారిపోవుటచే పూర్వరూపము రాదు. గంధక పరమాణువులు గొలుసుకు గొలుసునకు నడుమ అక్కడక్కడ వంతెనలు కట్టి ఈ జారుటను అరికట్టును. వంతెనలు మితముగ నున్నచో సాగు రబ్బరు. మితిమీరినచో ఎబొనైటు అను కట్టెవంటి పదార్థము.

బీడింగు ముదియుటకు కారణము కూడ ఇచ్చటనే కలదు. ఎండ వేడిమికి, గాలిలోని ఆమ్లజనికి వంతెనలు కొన్ని తెగును, క్రొత్తవి పుట్టును. రబ్బరు సంవత్సరముల తరబడి నొక్కబడియున్నచో, క్రొత్త వంతెనలు ఆ నొక్కుడు రూపముననే ఏర్పడును. అప్పుడు తలుపు తెరచినను రబ్బరు పైకి లేవదు. అది చదునైన రూపమునే తన రూపముగ చేసికొన్నది. పైకి చూచుటకు పగులు లేకున్నను ఆ బీడింగు పని ముగిసినట్లే.

రెండవ శత్రువు ఓజోను. సహజ రబ్బరు గొలుసులో ప్రతి ఐసోప్రీను ముక్కకు ఒక ద్విబంధము కలదు. ఓజోను సరిగా అచ్చటనే గొలుసును కత్తిరించును. గాలిలో పది కోట్ల భాగములకు కొన్ని భాగముల ఓజోను ఉన్నను చాలును. రబ్బరు వదులుగా నున్నప్పుడు పైపొర మాత్రము చెడి, లోపలి భాగమునకు అదియే కప్పగును. సాగదీసియున్నప్పుడు మాత్రము తెగిన కొసలు వెంటనే ఎడమైపోయి, లోపలి క్రొత్త రబ్బరు బయటపడును, అదియును తెగును. ఇట్లు లాగిన దిక్కునకు అడ్డముగా పగుళ్లు పుట్టి లోతుగా దిగును. సాగదీయరాదను నియమమునకు మూలమిదియే.

హెరాల్డు, దాని తమ్ముడు

ఈ నియమములు ఆచరణలో ఎట్లు పనిచేయునో చూచుటకు ఒక బండి తగిన ఉదాహరణము. 1953లో ఇంగ్లండున బాడీలు చేసియిచ్చు ఫిషర్ అండ్ లడ్లో సంస్థ పోటీదారులైన బ్రిటిష్ మోటార్ కార్పొరేషను చేతికి పోయెను. దానితో స్టాండర్డు ట్రయంఫు కంపెనీకి పెద్ద బాడీలు అచ్చువేసి యిచ్చువారు కరవైరి. కావున 1959లో వెలువడిన ట్రయంఫు హెరాల్డు కారును వేరు ఛాసిస్ మీద, బాడీని పలు భాగములుగా చేసి బోల్టులతో బిగించిరి. ఇటలీ దేశపు జొవాన్ని మికెలొట్టి దానికి రూపకల్పన చేసెను. ఆ ఛాసిస్‌నే పొట్టిచేసి, ఆయన రూపకల్పనతోనే, 1962లో స్పిట్‌ఫైరు అను రెండు సీట్ల పందెపు తరహా కారును తెచ్చిరి. స్పిట్‌ఫైరు మన దేశమున తయారు కాలేదు. కాని మద్రాసులోని స్టాండర్డు మోటారు సంస్థ 1961 నుండి హెరాల్డును తయారుచేసినది. రెండు బండ్లకు ఎముకలగూడు ఒక్కటే. భాగములుగా బిగించిన బాడీలో జోడింపు గల ప్రతిచోటును నీరు చొచ్చుటకు ఒక దారి. అందుచే ఇట్టి బండిలో రబ్బరు పని మిక్కిలి ముఖ్యము.

పాత బీడింగును తీయునప్పుడు ఉలితో పెకలింపరు. దాని పెదవిని కత్తితో కోసి అద్దమును లోపలి నుండి మెల్లగ త్రోయుదురు. తీసిన ముక్కను పారవేయరు. క్రొత్తదాని అడ్డకోత రూపము దానితో సరిపోవునో లేదో చూచుటకు అదియే ఆధారము. పిమ్మట రేకు అంచును శుభ్రము చేసి, తుప్పు గీకి, రంగు వేసి బాగుగ ఆరనిత్తురు. తుప్పు మీద క్రొత్త రబ్బరు వేయుట గాయమును కడుగక కట్టు కట్టుట వంటిది.

ముందు అద్దము అమర్చు పద్ధతి చక్కనిది. మొదట రబ్బరును అద్దము చుట్టు తొడుగుదురు. రేకు అంచు కూర్చొనవలసిన గాడిలో సన్నని బలమైన త్రాడును చుట్టును పెట్టి, రెండు కొసలను క్రింది అంచు నడుమ లోపలి వైపు వ్రేలాడవిడుతురు. గాడికి సబ్బునీరు రాచి, ఒకరు బయట నుండి అరచేతితో అద్దమును నొక్కుచుండగా, ఒకరు లోపల నుండి త్రాడును మెల్లగ లాగుదురు. త్రాడు బయటకు వచ్చిన కొలది రబ్బరు పెదవి రేకు అంచు మీదికి ఎక్కును. సబ్బునీటికి బదులు గ్రీజుగాని ఇంజను నూనెగాని వాడరాదు. రబ్బరు గొలుసులును, ఖనిజ నూనెయును కర్బనము, ఉదజనులతో ఏర్పడినవే. నూనె గొలుసుల నడుమ చొచ్చి రబ్బరును ఉబ్బించి మెత్తబరచును.

తలుపు బీడింగు బోలుగా గాని, స్పంజివలె గాని ఉండుటకు కారణము కలదు. రబ్బరు ఆకారము మారును గాని ఘనపరిమాణము దాదాపు మారదు. గట్టి రబ్బరును నొక్కినచో ప్రక్కలకు పోవుటకు చోటు కావలెను. చోటు లేనిచో తలుపు మూతపడదు. బోలు గొట్టమైనచో లోపలికి అణగును. దీనిని అమర్చునప్పుడు కొలతకంటె కొంచెము పొడవుగ కోసి, ఆ హెచ్చును నొక్కి సర్దుదురు. సాగదీసి అతికిన బీడింగు కొన్ని నెలలకు కుదించుకొని అతుకు వద్ద నోరు తెరచును. మూలలలో పలుచబడి పగులును. అతుకు మూలలో గాక తిన్నని భాగమున పెట్టుదురు. మూలలో వంపు వలన అతుకు పైభాగము ఎల్లప్పుడు లాగబడియుండును.

పని ముగిసిన పిమ్మట పరీక్షకు యంత్రమేమియు అక్కరలేదు. ఒక కాగితపు పట్టీని తలుపు సందున పెట్టి మూసి లాగవలెను. పట్టీ బిగువుగ వచ్చినచో రబ్బరు ఆనుచున్నది. తేలికగ జారినచో అచ్చట సందు కలదు. ఇట్లు అడుగడుగున చుట్టును చూతురు. నీళ్ల గొట్టముతో పరీక్షించునప్పుడు క్రింది నుండి మొదలుపెట్టి పైకి పోదురు. పై నుండి మొదలుపెట్టినచో నీరు అంతటను జారి, కారు చోటు ఏదో తెలియదు. కిటికీ అద్దము దిగు సందు గుండ తలుపు లోపలికి కొంత నీరు పోక తప్పదు. అది బయటకు పోవుటకు తలుపు అడుగున రంధ్రములుండును. క్రొత్త రబ్బరుతోనో జిగురుతోనో వానిని మూసివేసిన యెడల పని అంతయు వ్యర్థమగును.

క్రొత్త రబ్బరులు

హెరాల్డు పుట్టిన కాలమున తయారీదారులకు లేని సదుపాయము ఒకటి నేటి మరమ్మతుదారులకు కలదు. 1930లో అమెరికాలో డ్యూపాంటు కంపెనీలో వాలెస్ కారోథర్సు బృందమువారు నియోప్రీనును కనుగొనిరి. దాని గొలుసులో క్లోరిను ఉండుటచే నూనెను, ఓజోనును సహజ రబ్బరుకంటె బాగుగ తట్టుకొనును. 1950వ దశకమున జర్మనీలో కార్ల్ జీగ్లరు, ఇటలీలో జూలియో నట్టా క్రొత్త ఉత్ప్రేరకములను కనుగొని, 1963లో నోబెలు బహుమానమును పంచుకొనిరి. ఆ ఉత్ప్రేరకముల వలననే ఇథిలీను, ప్రొపిలీను కలిపి రబ్బరు చేయుట సాధ్యమయ్యెను. ఇ.పి.డి.ఎం. అను ఈ రబ్బరు నేడు కార్ల బీడింగులకు ఎక్కువగ వాడబడుచున్నది.

దీని గొప్పతనము నిర్మాణములో కలదు. దీని ప్రధానమైన గొలుసులో ద్విబంధములు లేవు. గంధకము వంతెన కట్టుటకు వలయు కొన్ని ద్విబంధములు ప్రక్క కొమ్మలకు మాత్రము తగిలింపబడినవి. ఓజోను కొమ్మను నరికినను గొలుసు తెగదు. కాని సర్వగుణ సంపన్నమైన రబ్బరు లేదు. ఇ.పి.డి.ఎం. పెట్రోలు తగిలినచో ఉబ్బిపోవును. అద్దము చుట్టు ఇది శ్రేష్ఠము. పెట్రోలు గొట్టములకు నైట్రైలు రబ్బరు వంటిది కావలెను. పాత బండికి సహజ రబ్బరు వేసిన అసలురూపము నిలుచును, ఇ.పి.డి.ఎం. వేసిన రేకు ఎక్కువ కాలము నిలుచును. పాత యంత్రములను కాపాడువారు ఎదుర్కొను ఎంపిక ఇది. అడ్డకోత రూపము అసలుదే యైనచో పదార్థము మార్చుట బయటికి కనబడదు.

రహదారి వెంట

జహీరాబాదు వద్ద 1980వ దశకమున ఆల్విన్ సంస్థ జపాను నిస్సాను సహకారముతో తేలికపాటి సరకు వాహనములను తయారుచేసెను. ఆ కర్మాగారము తరువాత మహీంద్రా వారిదయ్యెను. సదాశివపేటలో టైర్లు చేయు ఎం.ఆర్.ఎఫ్. సంస్థ 1946లో మద్రాసున ఆటబుడగల తయారీతో మొదలై, మద్రాసులో హెరాల్డు తయారీ మొదలైన 1961లోనే తొలి టైరును తయారుచేసినది. ఎద్దుమైలారమున 1984లో స్థాపింపబడిన ఆయుధ కర్మాగారమున 1987 నుండి 'సరథ్' అను పదాతిదళ వాహనములు తయారైనవి. ఇవి నేల మీదనే గాక నీటిపై తేలి గంటకు సుమారు 7 కిలోమీటర్ల వేగముతో పోగలవు. కారులో బీడింగు చెడినచో తివాసి తడియును. ఇట్టి వాహనమున మూతల చుట్టు రబ్బరు చెడినచో లోపలివారి ప్రాణములకే ముప్పు.

రుద్రారమున హిందుస్థాన్ ఫ్లోరోకార్బన్స్ అను ప్రభుత్వ సంస్థ పి.టి.ఎఫ్.ఇ. అను ఫ్లోరిను గల ప్లాస్టికును తయారుచేసెడిది. దానిని మూసివేయుటకు 2020లో కేంద్ర ప్రభుత్వము నిర్ణయించెను. ఈ పదార్థమును ఆమ్లములు దాదాపు ఏమియు చేయజాలవు. కావున రసాయన కర్మాగారముల గొట్టపు కీళ్లలో ఇది గాస్కెట్టుగ వాడబడును. కాని నొక్కి విడిచినచో ఇది రబ్బరువలె లేవదు. బోల్టుల బిగువే దీనిని పట్టియుంచును.

రబ్బరు లేవవలసిన క్షణమున లేవకపోవుట ఎంత భయంకరమో 1986 జనవరి 28న లోకమునకు తెలిసెను. ఆ ఉదయము అమెరికాలో చాలెంజరు రోదసి నౌక బయలుదేరునప్పుడు ఉష్ణోగ్రత సుమారు 2 డిగ్రీల సెంటీగ్రేడు. చలికి బిరుసెక్కిన రబ్బరు వలయము రాకెట్టు కీలులోని సందును సకాలమున పూడ్చలేకపోయెను. వేడి వాయువులు బయటకు చిమ్మెను; 73 సెకనులలో నౌక ముక్కలై, ఏడుగురు మరణించిరి. విచారణ సంఘమున సభ్యుడైన భౌతికశాస్త్రజ్ఞుడు రిచర్డు ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కను బిగించి మంచునీటిలో ముంచి తీసి, విడిచిన పిమ్మట అది వెంటనే పూర్వరూపమునకు రాకుండుటను సభలో అందరికి చూపెను.

అట్టి పరీక్ష మరియొకటి ఏ పాఠశాలలోనైనను చేయవచ్చును. సాధారణమైన రబ్బరు బ్యాండ్లు కొన్ని తీసికొని, సగమును చెక్కపై మేకుల నడుమ బాగుగ సాగదీసి తగిలింపవలెను. మిగిలిన సగమును అదే చెక్కపై వదులుగా ఉంచవలెను. చెక్కను గాలి, వెలుతురు తగులు చోట కొన్ని వారములుంచి, వారమునకొకసారి భూతద్దముతో చూచి వ్రాసికొనవలెను. మరియొక బ్యాండును ఇంజను నూనెలో నాలుగు దినములుంచి, ముందు వెనుకల పొడవును కొలిచి పోల్చవలెను. ఏది ముందుగ పగిలెను, పగుళ్లు లాగిన దిక్కునకు ఎట్లున్నవి, నూనెలోనిది ఎంత పెరిగెను అనునవి విద్యార్థులే తేల్చగలరు. ఆ పట్టిక చేతనున్న విద్యార్థి మెకానిక్కు దుకాణమున బీడింగు వేయుట చూచినచో, ఆ పనివాడు దానిని ఏల సాగదీయడో, సబ్బునీరే ఏల రాచునో అడుగకయే గ్రహించును.